పలకా? కలపా?

"పునాది గట్టిగుంటే ఏమైతది, చెప్పుండ్రి?" అని మనవలిద్దర్ని అడిగిన. అరుగు మీద నేను, పక్కింటి రఫియా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నం.

"ఇల్లు నిలవడ్తది," అన్నడు పింటూ. వానికి క్లాసుల ఫస్టు ర్యాంకు. స్వీటీ ఒకటో తరగతి ప్రోగ్రెస్ కార్డు గౌను కింద దాచుకొని కూసున్నది. తెలుగుల సి గ్రేడు. రేపు బడికి పోనని పొద్దటి సంది ఒకటే లొల్లి.

"శభాష్! సదువు గూడ గంతే. నన్నే చూడుండ్రి. ఒకటో తరగతిల నేను రాసిన పలకను పంతులు తుడవనియ్యలే, గోడకు తగిలిచ్చిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? నా అక్షరాల గుండ్రం చూడనీకి చార్మినార్ గాజులోళ్లు దుకాణాలు బంద్ పెట్టి వచ్చిండ్రు!"

"అబ్బో!" అన్నడు పింటూ.

"ఇంకా విను. రెండోల నేను ఎక్కాలు అప్పజెప్తుంటే, బహదూర్‌పురా జూల సింహం గుర్రు ఆపి విన్నది. మన మాదన్నపేటకెళ్లి జూ ఎంత దూరమో నువ్వే లెక్క గట్టు. ఇగ పదోల, నేను జవాబులు ముందుగాల రాసి పంపితే, బోర్డోళ్లు వాటికి తగ్గ ప్రశ్నలు తయారు చేసుకున్నరు! అందుకే టీచర్నైన. ఒకటోల ఫస్టొస్తే పదోల ఫస్టే. ఇది సూత్రం."

స్వీటీ మెల్లగ అడిగింది. "ఒకటోల రాకుంటే, నానమ్మా?"

నేను చాటల ఇంకో కాయ దేవులాడిన.

"బస్ కర్ గే, శారదా! ఇగ చాలు!" అన్నది రఫియా. స్వీటీ దిక్కు తిరిగింది. "బేటీ, ఒకటోల మాకిద్దరికీ ఒక్కటే పలక. నేను ఇంట్ల ఉర్దూ అలిఫ్, బే నేర్చుకొని, తెలుగు గూడ గట్లనే కుడికెళ్లి ఎడమకు రాస్తుంటి. నన్ను చూసి మీ నానమ్మ గూడ కుడికెళ్లే. 'పలక' అని రాయమంటే 'కలప' అయింది! కట్టెల దుకాణం పెట్టుకోపో అన్నడు పంతులు. గోడకు తగిలిచ్చిన మాట నిజమే, గిట్ల రాయొద్దని! ఒకటో తరగతి రెండేండ్లు కూసున్నం ఇద్దరం."

పింటూ అరుగు మీద పడి దొర్లిండు. స్వీటీ నవ్వలే.

"మరి టీచరెట్లైనవ్, నానమ్మా?" అని అడిగింది.

ఇగ కోతలు పనికిరావు. "రెండో యేడు ఎడమకెళ్లి మొదలుపెట్టిన బిడ్డా. గంతే."

స్వీటీ గౌను కిందికెళ్లి కార్డు తీసి, నా ఒళ్లె పెట్టింది.

"సంతకం పెట్టు నానమ్మా, రేపు టీచర్‌కియ్యాలె. ఎడమకెళ్లి పెట్టు."

పెట్టిన. రఫియా ఇంకా నవ్వుతనే ఉన్నది. సగం కాయల ఈనెలు గూడ తీయలే; చాట ఎత్తుకొని లోపలికి పోయిన.