రెండో మనిషి రాకూడదు

ఆసుపత్రి గది. తుంటి విరిగిన అమ్మమ్మ మంచం మీద, పీహెచ్‌డీ చేస్తున్న మనవరాలు పక్కన స్టూలు మీద.

“నిజం చెప్పవే. నేను పడ్డ సంగతి నీ పెట్టె నీకు చెప్పిందా, లేదా?”

“అబ్బ, మళ్ళీ అదేనా? ముందు ఈ మాత్ర మింగు.”

“మాత్రెక్కడికీ పారిపోదు. కెమెరా అక్కర్లేదు, ఉత్త వైఫైతోనే మనిషి పడితే కనిపెట్టేస్తుందంటివి. దానికి నేర్పాలని నన్నెన్నిసార్లు పరుపు మీద పడేశావు! రెండో మనిషి ఉంటే లెక్క తప్పుతుందని, నేను పడుతుంటే పనమ్మాయిని కూడా గుమ్మం దాటనివ్వలేదు. తీరా నిజంగా పడితే...”

“చెప్పలేదు. సరేనా?”

“అయ్యో! మరి నీ పీహెచ్‌డీ?”

“తుంటి విరిగి పడుకుని నా పీహెచ్‌డీ ఏంటి నీకు?”

“ఉండు. తప్పు నాదేనే. పొద్దున దుమ్ము దులుపుతూ దాన్ని కాస్త కదిపా. అందుకే నీకు చేరలేదు.”

“కాదు.”

“అవునే. నన్ను లేవనీ, మళ్ళీ పడి చూపిస్తా. సరిచేసుకుందువు గాని.”

“అమ్మమ్మా, నీకు దణ్ణం పెడతా, ఆపు!”

“ఇదిగో, ఏడుపెందుకే మొద్దూ?”

“చేరింది.”

“ఏంటీ?”

“నా ఫోనుకి చేరింది. మోగింది. అప్పుడు గైడు ముందు నిలబడున్నా. అంతకుముందే పిల్లి దూకితే మోగింది, కర్టెను ఊగితే మోగింది. అందరూ నవ్వారు. మళ్ళీ మోగేసరికి పరువు పోతుందని... నొక్కేశా. కనీసం చూడలేదు.”

“నొక్కేశావా.”

“తిట్టు. ఒక్క మాటైనా తిట్టవే! నేనొచ్చేదాకా నేల మీదే ఉన్నావు. నేను చేసిన పాపం సరే, నువ్వైనా పక్కింటావిడని కేకెయ్యలేకపోయావా?”

“కేకెందుకు? చప్పుడు విని ఆవిడే వచ్చింది. తలుపు తట్టింది.”

“వచ్చిందా? మరి తలుపు తియ్యలేదా? తాళం కూడా వెయ్యలేదు కదా!”

“నేనే వద్దన్నా. నేను పడగానే పెట్టె మీద ఎర్ర లైటు వెలిగిందిగా. ‘మా మనవరాలు చూస్తోంది, ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తుంది, రెండో మనిషి లోపలికొస్తే దాని చదువు పాడవుతుంది, నువ్వెళ్ళమ్మా’ అన్నా.”