జయమ్మ గంగలో వదిలిన కాయ

"అవ్వా, నువ్వు కాశీకి పోయింటివి కదా? వచ్చే నెల మా ఫ్రెండ్సంతా పోతాండాము. ఎట్లుంటాది, చెప్పు."

ఎట్లుంటాదంటే... ఇట్ల కూర్చో పాపా. ఓ, ఫోనులో రికార్డు చేస్తాండావా? చేసుకో, చేసుకో. మేము పోయి మూడేండ్లు... కాదప్పా, మీ తాత పోయినంక కదా, నాలుగేండ్లయింటాది. నేను, ఎదురింటి జయమ్మ, పూలంగడి పద్మక్క. ముగ్గురు ముసిలోళ్ళం, విమానంలో! యాడ తప్పిపోతామో అని మీ నాయనకు ఒకటే భయం. కాశీ సందులు అచ్చం మన నగర్తపేట సందులే. కాకపోతే ఆడ ఎదురుగా ఎద్దొస్తే మనమే గోడకు అతుక్కోవాల.

విశ్వనాథుని దర్శనమాయె, అన్నపూర్ణమ్మదీ ఆయె. విశాలాక్షి గుడికాడ పద్మక్క, "ఇదేం మాల, ఇంత ఎడంగా కడతారా?" అని మనూర్లో మాదిరే పూలమ్మేటోళ్ళతో కన్నడంలో జగడం! వాళ్ళకేం అర్థమయితాది, ఊరికే నవ్వినారు.

ఆ, అసలు సంగతి చెప్తా. కాశీకి పోతే ఇష్టమైన కాయో పండో గంగలో వదిలిపెట్టాల, తెలుసు కదా? మళ్ళ బతికినన్నాళ్ళూ తినకూడదు. జయమ్మకు చూస్తే షుగరు. మామిడిపండు పోయె, ఒబ్బట్టు పోయె, అన్నం కూడా గుప్పెడే. మిగిలిన సంతోషమంతా చలికాలంలో అనపకాయ ఒకటే. మార్కెట్లో అవరేకాయి అంటారే, చిక్కుడు మాదిరుంటాది, అదే. మా అమ్మ కాలంలో నాలుగణాలకు గంపెడు ఇస్తాండ్రంట! మేము ముగ్గురం మనింటి మెట్లమీద కూర్చొని గింజలు పితుకుతాము, నువ్వూ చూసింటావు. ఆ పితికిపప్పు పులుసు కోసమే జయమ్మ ఏడంతా కాచుకొని ఉంటాది.

"నేను కాకరకాయ వదిలేస్తాలే" అని ముందే తీర్మానం చేసుకొనింది. కిలాడి!

గంగలో దిగితిమి. మంత్రం చెప్పించే అయ్యవారు తెలుగాయనే, గోదావరి పక్క. నేను సీతాఫలం అంటిని, పద్మక్క అరటికాయ అనింది. జయమ్మ కాకరకాయ అనంగానే నాకు నవ్వొచ్చేసింది. ఆయన కనిపెట్టేసినాడు. "చేదు వదిలితే ఏం వదిలినట్టమ్మా? మా వైపు చాలామంది ఆనపకాయ వదులుతారు. మీరూ అనండి" అన్నాడు. చలికి పండ్లు కొట్టుకుంటాండాయి, జయమ్మ మంత్రంతో పాటు అదీ గడగడా అనేసింది. అనేసినంక నా పక్క తిరిగి, "అక్కా, ఏమంటిని నేను?" అనింది.

గట్టెక్కి, తడిచీర కూడా మార్చుకోకుండా చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది పాపా. "గంగలో నిలబడి ఆడిన మాట, ఎట్ల తప్పేది?" అంటాది.

మధ్యాన్నం అయ్యవారింట్లోనే భోజనం. ఆయన భార్య కూర వడ్డిస్తా జయమ్మ దగ్గరికొచ్చి, "మీరు ఆనపకాయ వదిలేశారటగా, మీకు వెయ్యనండి" అని దాటి పోయింది. నా ఆకులో చూస్తే సొరకాయ! "ఇది సొరకాయ కదమ్మా?" అంటిని. "మా వైపు దీన్నే ఆనపకాయంటామండీ" అనింది. పద్మక్క నవ్వీ నవ్వీ పొలమారి, నీళ్ళు నీళ్ళు అంటాంది.

జయమ్మ మాత్రం నవ్వలేదు. "నోరు ఏ కాయన్నా అననీ, నా మనసు మా అనపకాయనే ఇచ్చేసింది. ఇప్పుడెట్ల తినేది?" అనింది. అయ్యవారి భార్య, మహాతల్లి, గరిటె కింద పెట్టి, "ఏడుస్తూ ఇచ్చారుగా పిన్నిగారూ, గంగమ్మ పుచ్చుకుంది. పుచ్చుకుని మళ్ళీ మీ చేతిలోనే పెట్టింది. అమ్మ పెడితే వద్దంటారా?" అనింది. అప్పుడు నవ్వింది చూడు జయమ్మ, ఏడుపూ నవ్వూ కలిపి!

ఆ చలికాలం మొదటి గింజ కండ్లకద్దుకొని తినింది. సొరకాయ ఇంతవరకూ ముట్టలేదు, మాటంటే మాటే.

మీరూ పోయి రండి పాపా, నవ్వతా పోయి నవ్వతా రండి. అయ్యవారు ఏ కాయ పేరు చెప్పినా, అదెట్లుంటాదో ముందు చూపించమని అడుగు. మీరు ఏడ్చి వదిలిందేదైనా ఉంటే, ఆ గంగమ్మ మళ్ళ మీ చేతిలోనే పెట్టనీ తల్లీ.