తలలోంచి తుంచిన పూలు

“అమ్మమ్మా, కొత్తగా చేరిన సరితతో మాట్లాడితే మా బ్యాచ్‌వాళ్ళు నన్నూ వదిలేస్తారంట. నేనేం చెయ్యను?”

ఇలా కూచో. బస్సుకింకా టైముందిగా, ఈ దండ కట్టేస్తూ చెబుతాను. ఆ దారం అందుకో.

నేను కడియంలో టీచరుగా చేసేటప్పటి మాట. మీ అమ్మకింకా పెళ్ళవలేదు... కాదులే, అయ్యింది, నువ్వు కడుపులో ఉన్నావు. ఏడో క్లాసులో లావణ్యని ఓ పిల్ల. చురుకైంది, వాళ్ళకి పెద్ద మొక్కల నర్సరీ. రోజూ బారెడు కనకాంబరాల దండ తెచ్చి, తన జట్టువాళ్ళకి తలో ముక్కా తుంచి ఇచ్చేది. బజార్లో మూర పది రూపాయలే అప్పుడు, అయినా లావణ్య ఇచ్చిన పువ్వంటే వేరు మరి. అది అందనివాళ్ళతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

మంగ అని ఇంకో పిల్ల. వాళ్ళమ్మ నర్సరీలో మొక్కల సంచులకి మట్టి నింపే కూలీ. సెలవులకి ఇదీ వెళ్ళేది, గోళ్ళలో ఎర్రమట్టి వదిలేది కాదు. “మట్టి మంగ” అని పేరెట్టారు. అది కూచున్న బెంచీ దులుపుకునేవారు. నేను కేకలేస్తే నా ముందు బుద్ధిగా ఉండి, వెనకాల ఇంకాస్త ఏడిపించేవారు.

ఓ పొద్దున్న మంగ నా దగ్గరికొచ్చి, “ఇవాళే ఆఖరండి, రేపట్నుంచి అమ్మతో పనికెళ్ళిపోతాను” అంది. లెక్కల్లో మెరికలాంటి పిల్ల. లెక్క దిద్దించుకోడానికొచ్చిన పద్మ పక్కనే నిలబడి అంతా వింది. పద్మ లావణ్య జట్టులోదే. నీలాగే నెమ్మది, నీలాగే భయస్తురాలు.

మధ్యాన్నం నేను... మీ తాతగారు ఆ వేళ కేరేజీలో మజ్జిగ పెట్టడం మర్చిపోయారు, సరే అదలా ఉంచు. తిని క్లాసుకొచ్చేసరికి, పద్మ తన జడలో పూలు సగం తుంచి మంగ జడలో పెడుతోంది. మనవైపు తెలుసుగా, తలలోంచి తుంచి ఇచ్చామంటే సొంత మనిషే.

మర్నాడు లావణ్య పద్మకి పువ్వివ్వలేదు. పద్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కానీ వెళ్ళి మంగ పక్కనే కూచుంది. మంగ మానలేదే, వచ్చింది. కొన్నాళ్ళు వాళ్ళిద్దరే. తర్వాత లెక్కలు చెప్పించుకోడానికి ఒకత్తి, వీళ్ళ నవ్వులు విని ఇంకొకత్తి, అలా చేరారు. లావణ్య కూడా చెడ్డదేం కాదు. అందరూ తలాడిస్తే పిల్లలకి అంతే తెలుస్తుంది.

నలుగురితో నారాయణ అనడం సులువే. నీ భయం నాకు తెలుసు తల్లీ, పద్మా భయపడుతూనే తుంచింది, నేను చూశాను.

ఇటు తిరుగు, జడలో పెడతాను. పొడుగ్గానే కట్టాను, ఇద్దరికొస్తుంది. చల్లగా ఉండు. తుంచడం మాత్రం నువ్వే తుంచాలి...