లక్ష్మీప్రసాద్ గారి కోసం లేచిన తాడు

1990 ఆగస్టు 20, సోమవారం. జోరువానలో అరకు బస్సు దిగి, నియామక పత్రం తడవకుండా చొక్కా లోపల దాచుకుని, శ్రీ యల్లపు లక్ష్మీప్రసాద్ గారు మన ఔషధ మొక్కల పరిశోధనశాలలో రసాయన శాస్త్రజ్ఞులుగా చేరారు. అనకాపల్లి నుంచి వచ్చిన ఆ యువకుడికి కేటాయించిన గది భవనంలో చిట్టచివరిది. కిటికీ తెరిస్తే కాఫీ తోట, మూస్తే నిశ్శబ్దం. చివరిదాకా వారు ఆ గది మారలేదు. వివాహం చేసుకోలేదు. క్వార్టర్‌లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ.

వారి జీవితకృషి అంతా తగిరిస మొక్క మీదనే. తామరకు, గజ్జికి కొండ ప్రజలు తరతరాలుగా నూరి రాసుకునే ఆ ఆకుతో లేపనం తయారుచేయాలంటే ప్రతి డబ్బాలోనూ మందు గుణం ఒకేలా ఉండాలి. ఏ నెలలో కోసిన ఆకులో ఎంత సత్తువ ఉంటుంది, నీడన ఆరబెడితే ఎంత నిలుస్తుంది, కాలిస్తే ఎంత బూడిద మిగులుతుంది అన్నవన్నీ తేల్చి, దానికి ప్రమాణాలు నిర్ణయించినవారు ప్రసాద్ గారే. ఆకు సారానికి అమ్మోనియా కలిపితే గులాబీ రంగు విచ్చుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా వారికది కొత్తే. పరీక్షనాళిక పట్టుకుని వరండాలోకి వచ్చి, "ఒక్కసారి చూసి వెళ్లండి, ఎంత బాగుందో!" అని పిలిచేవారు. అందరికీ ఏదో ఒక పని ఉండేది. కాసేపు తామే చూసుకుని లోపలికి వెళ్లిపోయేవారు.

2011 వర్షాకాలంలో, మనకు ఆకు సేకరించి ఇచ్చే దేముడమ్మ గారి సంఘం మహిళలు కోసి తెచ్చిన సరుకులో కసివింద అనే మరో మొక్క ఆకూ కాయా కలిశాయని వారి పరీక్షలో తేలింది. చూపుకు రెండూ అక్కచెల్లెళ్లే. కానీ కసివింద పసిపిల్లల కడుపులోకి పోతే ప్రమాదం. చంటిబిడ్డ చేతికి రాసిన లేపనం నోట్లోకి పోదని ఎవరు చెప్పగలరన్నది వారి ప్రశ్న. ఎందరు ఒత్తిడి చేసినా సరుకంతా తిరస్కరించారు. వానలో తడుస్తూ పడిన ఆ మహిళల కష్టం వృథా అయింది.

మరుసటి చైత్రంలో కొండ ప్రజల ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు పట్టి, ఆటపాటలతో బళ్లు ఆపి, పజోరు అనే పండగ కానుక అడగడం ఇక్కడి ఆనవాయితీ. ప్రసాద్ గారి జీపు కనబడగానే తాడు దిగిపోయింది. కానుక కోసం జేబులో పెట్టిన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. ఆ తరువాత ప్రతి ఏడాదీ అంతే. ఆగమని ఎవరూ అడగని దారి ఎంత పొడవో వారికే తెలియాలి.

ఈ ఏడాది, ఉద్యోగంలో చివరి పండగకు, మన సిబ్బందిలో కొత్తగా పెళ్లైన ఉదయ్, లావణ్య కూడా అదే జీపులో ఉన్నారు. వాళ్ల కోసం ఆడవాళ్లు జీపు ఆపి, కొత్త జంటను దింపి, పజోరు పుచ్చుకుని, వరసగా చేతులు పట్టుకుని ఆడే ధింసా కూడా ఆడించి, తాడు దించేశారు. ప్రసాద్ గారి వైపు ఎవరూ చూడలేదు. అప్పుడు వారే కిందికి దిగారు.

"నన్నెందుకు అడగరమ్మా?"

దేముడమ్మ గారు నడుమున చేతులు పెట్టుకున్నారు. "అడిగితే ఏటిత్తావు బాబూ? మా ఆకు కాదన్నోడివి, ఆటకి ఔనంటావేటి?"

"ఆకును కాదన్నాను తల్లీ. మిమ్మల్ని ఎప్పుడు కాదన్నాను?"

ఆమె చేతులు నడుము మీంచి దిగాయి. తరువాత వెనక్కి తిరిగి, "ఓలె కనకా, ఏటలా సూత్తన్నావు? తాడెత్తు!" అని కేకేశారు. తాడు లేచింది. "ఏటకెళ్లి ఒట్టి సేతుల్తో వచ్చినోడిలా నిలబడ్డావు, బేగి రా బాబూ!"

ప్రసాద్ గారు ఆడారు. అడుగులన్నీ తప్పే. ఒక చెప్పు ఊడి కాలవలో పడింది. వరసలో వాళ్లు నవ్వు ఆపుకోలేక చేతులు వదిలేశారు.

పజోరు ఇచ్చాక వారు తిరిగి ఒక్కటే కోరారు: "ఒకసారి నా గదికి రండి." వారం తిరక్కుండా అందరూ వచ్చారు. దేముడమ్మ గారు గులాబీ రంగు తిరిగిన నాళికను వెలుగుకు ఎత్తిపట్టి, లావణ్య వైపు ఓరగా చూసి, "ఓలమ్మో, పెళ్లికూతురి బుగ్గలాగుంది!" అన్నారు. ఆ నవ్వులు విని వరండాలోని మేమంతా లోపలికి వచ్చి చూశాం, ఇన్నేళ్లకు. నిజంగానే ఎంతో బాగుంది.

2025 ఏప్రిల్ 30న పదవీ విరమణ చేసి ప్రసాద్ గారు అనకాపల్లి వెళ్తున్నారు. అక్కడ తెలిసినవాళ్లు పెద్దగా మిగల్లేదని, అడిగితే చెప్పారు. "వచ్చే పండక్కి రాకపోతే ఊరుకోం బాబూ" అని దేముడమ్మ గారు మాట తీసుకున్నారు. ఆ మాట నిలబెట్టుకునే ఆరోగ్యం, ఈ ఘాట్ రోడ్డు ఎక్కే ఓపిక, నూరు చైత్రాలు చూసే ఆయుష్షు వారికి కలగాలని, ఏటేటా ఆ దారిలో తాడు లేచి వారి బండి ముందుకు కదలకుండా ఆగిపోవాలని మనసారా కోరుకుంటున్నాం.