నిదానం మేస్త్రీ కూర్చున్న గుమ్మం

ఆ రెండు టైల్ ముక్కలూ బల్ల మీద కాదు, కింద పెట్టు. ఆఁ, అక్కడే. నువ్వూ కూర్చో. నీ కుట్టు క్లాసు బాత్‌రూముకి ఏది వేయించాలో అడగడానికి తిన్నగా మామయ్య దగ్గరికే వచ్చావు చూడు, అదీ నీ తెలివి. నా గొప్ప నేను చెప్పుకోకూడదుగానీ, ఎవరింటికి వెళ్లినా నేను మంచినీళ్ల కంటే ముందు బాత్‌రూమ్ చూపించమంటాను. మీ అత్తయ్య సిగ్గుతో చచ్చిపోతుంది. "కాసేపు కూర్చున్నాక అడగొచ్చుగా" అంటుంది. కూర్చున్నాక అడిగితే అవసరం పడి అడిగాననుకోరూ? అందుకే గుమ్మంలోనే అడిగి, లోపలికి తొంగి చూసి, "ఇక్కడ వేయాల్సిన రంగు ఇది కాదండీ" అని చెప్పి మరీ వస్తాను. గిట్టనివాళ్లు దీన్ని గర్వం అంటారు. నేను సేవ అంటాను. ముప్పై ఏడేళ్లు టైల్స్ షాపు నడిపిన కన్ను, ఊరికే పోనిస్తే ఎలా.

ఏమిటీ, ఆ నున్నగా మెరిసేదే నచ్చిందా? నాకూ అదే నచ్చింది. నాకు నచ్చిందంటే ఆలోచించాలి మరి. నిదానం మేస్త్రీ ఉండుంటే ఆయన్ని పిలిపించేవాణ్ణి. నువ్వు పుట్టకముందే పోయాడులే. అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు. రెండు రోజుల పని ఎనిమిది రోజులు చేసేవాడు, తొందరపెడితే "నిదానం బాబూ, నిదానం" అనేవాడు, ఆ మాటే పేరైపోయింది. ఆయన టైల్‌ని కంటితో చూసేవాడు కాదు. నేల మీద పెట్టి, సబ్బు నీళ్లు పోసి, చెప్పులు విప్పి దాని మీద ఎక్కి, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు రుద్దుకునేవాడు. "బాత్‌రూములో మనిషి చేసేది ఇదే కదా బాబూ." మా షాపులోనేమో టైల్ బిళ్లలన్నీ గోడకి నిలబెట్టి పైనుంచి లైట్లు వేసేవాళ్లం. ఆయన వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. "నిలబెట్టి చూపిస్తారు, మనుషులేమో ఎక్కి తొక్కుతారు" అని.

అప్పట్లో మన వీధి చివర ఒక డాక్టరమ్మ కాన్పుల ఆసుపత్రి పెట్టింది. చిన్నదే, నాలుగు మంచాలు. బాత్‌రూముకి టైల్స్ ఎంచుకోవడానికి నా దగ్గరికొచ్చింది. తెల్లటి బిళ్ల, ముత్యంలా మెరుస్తుంది, అంచున సన్నటి నీలి గీత. అది చూపించాను. గోడలకీ నేలకీ ఒకటే వేద్దాం, గది పెద్దదిగా కనపడుతుందన్నాను. షాపు నిండా జనం. వాళ్లందరి ముందూ, "మీ కన్ను చాలా మంచిదండీ" అంది. ఇంకేం కావాలి నాకు, వారం రోజులు భూమ్మీద నడవలేదు. సరుకొచ్చింది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది, "గోడలకు మాత్రమే" అని. చూశాను. చూడలేదని నీకెందుకు అబద్ధం చెప్పాలి? ఫోన్ చేసి, అమ్మా పొరపాటైంది, నేలకి వేరేది చూద్దాం అనాలి. అంతే, ఒక్క మాట. ఫోన్ దాకా వెళ్లాను కూడా. మంచి కన్ను అందే మరి, మళ్లీ ఏ మొహంతో చెప్పడం?

పెట్టెలు విప్పిన నిదానం మేస్త్రీ షాపుకి నడిచొచ్చాడు. "గోడలకి నేను అతికిస్తాను బాబూ, కింద మాత్రం ఇది పరచను." నేను వాదించాను. ఆసుపత్రిలో ఎవరు పరిగెడతారయ్యా, మంచాల మీద పడుకునేవాళ్లేగా అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. వేరే మేస్త్రీని పెట్టాను. వాడు నిదానం కాదు, మూడు రోజుల్లో అద్దంలా పరిచేశాడు.

ఆసుపత్రి తెరిచిన రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. పది మందైనా మెచ్చుకుంటారని ఆశ. లోపలికి వెళ్లేసరికి గోల. బాత్‌రూమ్ గుమ్మానికి అడ్డంగా, అట్ట పరుచుకుని, కాళ్లు చాపి కూర్చున్నాడు నిదానం మేస్త్రీ. ఎదురుగా మొట్టమొదటి పేషెంటు, స్కూలు టీచరు, నెలలు నిండిన మనిషి, గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడకి లోపలికి వెళ్లాలి, అర్జెంటు. డాక్టరమ్మ వాళ్ల అత్తగారు, "లేవవయ్యా, ఆడవాళ్ల బాత్‌రూముకి కాపలా ఏమిటి, చూసేవాళ్లు ఏమనుకుంటారు" అని కేకలు. ఆయన కదలడు. అప్పుడు చూశాను ఆ అట్ట. పెరట్లో పారేసిన మన పెట్టే. "గోడలకు" అన్న మాట ఆయన మోకాలి పక్కన కనపడుతోంది, మిగతాదాని మీద ఆయన కూర్చున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేచాడంటే నా బతుకు బయటపడుతుంది. లేవకపోతే ఆ టీచరు గతేమిటి.

"ఈ నేల ఎంచుకున్నది ఆయన కదమ్మా" అన్నాడు నన్ను చూపించి. "సబ్బు నీళ్లు పోయించండి. ఆయన్ని చెప్పులు విప్పి అటు గోడ దాకా నడిచి రమ్మనండి. ఆయన నడిస్తే నేను లేస్తాను." అందరూ నా వైపు తిరిగారు. ఆయా బకెట్టుతో నీళ్లు కొట్టింది. ప్యాంటు మడిచాను. తిట్టాలో నడవాలో తెలీక నడిచాను. ఒకటి, రెండు, మూడు. గోడ దాకా వెళ్లాను, పడలేదు. వెనక్కి తిరిగి, చూశారా అన్నట్టు నవ్వబోయాను.

"అక్కడే ఆగండి బాబూ" అన్నాడు. "డాక్టరమ్మా, ఆయన కాలివేళ్లు చూడండి."

నేనూ చూసుకున్నాను. పది వేళ్లూ, కోడి కొమ్మని పట్టుకున్నట్టు, లోపలికి ముడుచుకుని నేలని పట్టుకున్నాయి. నాకు తెలీకుండానే. మెడ వంచుకుని, నేల చూసుకుంటూ నడిచానట కూడా. "ఆయన ఒళ్లు ఆయన్ని కాపాడుకుంది" అన్నాడు. "నెలలు నిండిన మనిషికి తన కాళ్లు తనకి కనపడతాయా అమ్మా?" టీచరు గోడ వదలకుండానే అంది, "లేదు మేస్త్రీగారూ. చెప్పుల్లో కాళ్లు దూరాయో లేదో కూడా మా ఆయన్నే అడుగుతున్నాను." అత్తగారు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్న తమ ఇంటికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. అరవలేదు, అందుకే నాకు భయమేసింది. "మీకు తెలీదా ఇది?" అంది.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. లేవలేదు. నాకోసమే ఆగాడు అమ్మాయ్, నా నోటితో నేను చెప్పుకోవడానికి చోటిచ్చాడు. "తెలీదమ్మా" అన్నాను.

అప్పుడు లేచాడు. అట్టని అక్షరాలు లోపలికి పోయేలా రెండుగా మడిచి, చంకలో పెట్టుకున్నాడు. "తెలిసి ఎవరు వేయిస్తారమ్మా" అని బయటికి వెళ్లిపోయాడు. చెంపదెబ్బ కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ నేలంతా తవ్వించి, గరుకు బిళ్ల, బూడిద రంగుది, తొమ్మిది రోజులు కూర్చుని పరిచాడు. నీళ్లు ఒక్క చుక్క నిలవకుండా వాలు పెట్టాడు. తర్వాత పదకొండేళ్లు నా షాపుకి వస్తూనే ఉన్నాడు, బిళ్లలు కింద పెట్టి తొక్కుతూనే ఉన్నాడు. ఆ ఊసెత్తలేదు ఒక్కసారీ. మంచాన పడ్డాడని తెలిసి వెళ్లాను, చెప్పేద్దామనే వెళ్లాను. "చెప్పండి బాబూ" అన్నాడు. అరగంట కూర్చుని, సిమెంటు బదులు కొత్తగా వస్తున్న జిగురు గురించి చెప్పొచ్చాను. చివరి దాకా విన్నాడు, పాపం.

నీకు చెప్పానంటావా? నీకు చెప్పడం ఎంతసేపు, నువ్వా గుమ్మంలో లేవుగా. ఎదుట నిలబడిన మనిషితో "నాకు తెలుసు, తప్పు నాదే" అనడం మాత్రం, ఈ డెబ్బై తొమ్మిదేళ్లలో, ఇంకా నేర్చుకోలేదమ్మాయ్.