ముందు ప్యాంటు మార్చుకోవాలి

మూడే అమ్మా అయ్‌జిబెక్, మూడంటే మూడు పెట్టెలు. నువ్విప్పుడు బళ్ళో పిల్లలకి తేనెటీగల పాఠం పెడతానంటున్నావు చూడు, మా టీచరు బురుల్ ఎజే, మా అందరికీ అక్కే అనుకో, మొదలెట్టింది ఆ మూడింటితోనే. పెట్టెకి ఇరవై వేలనుకో, అరవై వేల ఈగలు. మేం పద్నాలుగు మందిమి. పుస్తకం తెరవనిచ్చేది కాదు. "ఈగ గురించి చదవడమేంట్రా, ఈగలైపోండి!" అనేది. అంటే ఏంటి, ఒకడు వెళ్ళి ఎక్కడో ఎండు ఆప్రికాట్లు దాచి రావాలి. వచ్చి, నోరు మూసుకుని, పువ్వు ఎక్కడుందో తోటి ఈగలకి చెప్పడానికి ఈగ ఆడినట్టు నడుం ఊపుతూ ఆడాలి. ఎటు తిరిగి ఊపితే అటు, ఎన్ని ఊపులైతే అన్ని పదుల అడుగులు. మిగతావాళ్ళు వెతుక్కుని తినెయ్యడమే. మా తాత గుర్రం మీంచి చూసి, "ఏమ్మా, చదువు చెప్పమని పంపిస్తే నా మనవడి చేత పిర్రలాడిస్తున్నావా?" అని ఒకటే కేకలు. "మీరు గుర్రాన్ని దూరంగా తీసుకెళ్ళండి తాతా" అంది.

ఆఁ, అసలు సంగతి అదీ. ఈగలకి గుర్రం చెమట వాసనంటే ఒళ్ళు మంట. మనమేమో నడక కంటే ముందు స్వారీ నేర్చుకునే జాతి. అందుకని గేటు దగ్గర బకెట్టుతో నీళ్ళు, సబ్బు, మేకులకి ఉతికిన గౌన్లు. గుర్రం దిగినవాడు ఎవడైనా చేతులు కడిగి, ప్యాంటు మార్చుకుని గౌను తొడుక్కోవాల్సిందే.

ఓ రోజు జిల్లా నుంచి కాసిమాలీ అని ఇన్‌స్పెక్టరు దిగాడు. పిల్లలు చదువు మానేసి గంతులేస్తున్నారని ఎవరో రాశార్ట. పెట్టెలు పట్టుకుపోయే కాగితం జేబులో ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. ఎజే మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనే ఎదురెళ్ళి, "కామ్రేడ్, ముందు ప్యాంటు విప్పండి" అన్నాను. "ఎవడి కొడుకువిరా నువ్వు!" అని నన్నో తోపు తోసి, గుర్రాన్ని నిమిరిన చేత్తోనే పెట్టె మూత ఎత్తాడు.

ఇంకేం చెప్పను. టోపీ ఇటు, సంచీ అటు, మనిషి ఎటో! నాకూ ఒకటి పెదవి మీద పడింది. నూనెలో వేగిన బోర్సోక్ పిండిముద్దలా ఉబ్బింది. "మనిషికేమన్నా అయితే పెట్టెలు కాదురా, నన్నే పట్టుకుపోతారు. ఎటు పోయాడ్రా?" అని ఎజే ఏడుపు. చూసింది నేనొక్కణ్ణే. నోరు తెరిస్తే "బ్బు, బ్బు" తప్ప మాట రాదు. ఏం చెయ్యను? కాలవకేసి తిరిగి ఊపాను నడుం. ఏడు సార్లు. పదమూడు మందీ లెక్కపెట్టుకుంటూ పరుగు. "అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్భై!" డెబ్భయ్యో అడుగు ఆయన పొట్ట మీదే పడింది. నీళ్ళలో పడుకుని ముక్కొక్కటి బయట పెట్టాడు మహానుభావుడు. "పువ్వు దొరికింది ఎజే!" అని ఒకటే గోల. లేచి కూర్చుని, "ఎవడ్రా మీకు చెప్పింది?" అన్నాడు. అందరూ నా నడుం వైపు చూపించారు. ఆ తడి కాగితాన్ని అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేశాడు. మర్నాటికి ఆయన కళ్ళు వాచి మూసుకుపోయాయిలే, అది వేరే సంగతి.

ఎజే పోయిన రోజున మేం తొమ్మండుగురం మిగిలాం. అందరికీ గుర్రాలున్నాయి. పెట్టెలు ఇంకా ఆవిడ పెరట్లోనే ఉన్నాయి కదా... ఒక్కడు కూడా ఎక్కలేదమ్మా. ఆవిడ ఇంటిదాకా ఆ ఎత్తంతా నడిచే వెళ్ళాం.

...ఇదుగో, ఆగాగు! నా పెట్టె మూత మీద చెయ్యెయ్యకు! నువ్వు దేని మీద వచ్చావే? గుర్రం మీదా? పోయి బకెట్టు పట్రా. మా ముసలిదాని గౌను తెస్తానుండు.