ఎడమవైపు ఆగే నీడ

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టర్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిన్నికి, వెనక నిలబడి నేనేం కొంప ముంచుతానో అని గుటకలు మింగుతున్న మా టెస్టింగ్ గది మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా బరువు బాబాయ్‌కి నమస్కారం.

నాకు ప్రసంగాలు రావు. చదువు మధ్యలో మానేసినవాణ్ణి, ఉన్న పని కూడా చూసి చూసి నేర్చుకున్నదే. కాబట్టి మర్యాద ఎక్కడైనా తప్పితే అది నా నోటి తప్పు, బాబాయ్ పెంపకం తప్పు కాదు.

డైరెక్టర్ గారు ఇందాక "ఆయన మనల్ని వదిలి ఎక్కడికీ పోవడం లేదు" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకంటే ఆ మాట ఆయన మర్యాదకు అనలేదు, నిజంగానే అన్నారు. ఆ నిజమేమిటో బంధువులుగా వచ్చినవాళ్లకు తెలియదు, చెబుతాను.

మేం తయారుచేసేది కంప్యూటర్‌లో ఆడే యుద్ధం ఆట. లోపల మనిషి కూర్చుని నడిపే ఇనుప యంత్రాలు, మేడంత ఎత్తువి, ఒకదానితో ఒకటి తలపడతాయి. వాటిలో తేలికవి, మధ్యరకం, బరువువి అని తరగతులు. తేలికదానికి పరుగూ ఇచ్చి, గిర్రున తిరిగే చురుకుదనమూ ఇచ్చామనుకోండి, బరువుదాన్ని ఎవడూ ముట్టుకోడు. బరువుది చటుక్కున వెనక్కి తిరిగిందనుకోండి, తేలికదాని బతుకు అక్కడితో సరి. ఈ రెంటి మధ్యా తూకం చూడడమే బాబాయ్ పని. ఆయన ఎప్పుడూ బరువుదాన్నే నడిపేవారు, అందుకే ఆ పేరు. మనిషి చూస్తే అగ్గిపుల్ల. (నవ్వులు)

నేను చేరిన కొత్తలో ఓ యంత్రానికి వేగం పెంచేసి, మెచ్చుకుంటారని చూపించాను. ఒక్క చుట్టు తిప్పి, "ఒరే, వేగం కావాలని అందరూ ముందే అడుగుతారు. మలుపు సంగతి మాత్రం చచ్చాక అడుగుతారు. వెళ్లి మళ్లీ చెయ్యి" అన్నారు. మళ్లీ చేశాను. "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" కోసం మేం పడ్డ పాట్లు మా గదివాళ్లకే తెలుసు.

మా దగ్గర ఓ పద్ధతుంది. బాబాయ్ నడిపిన తీరునంతా కంప్యూటర్‌లో దాచి, మనిషి లేకుండానే అదే తీరులో నడిచే ఒక యంత్రాన్ని తయారుచేశారు. దాన్ని మేం నీడ అంటాం. కొత్తగా ఏ యంత్రం వచ్చినా ముందు నీడతో తలపడాలి. ఏ వైపు మలుపులోనైనా నీడను మరీ సులువుగా ఓడిస్తే, ఆ యంత్రానికి ఆ వైపు చురుకుదనం తగ్గించాలి. అదీ నియమం.

బాబాయ్‌కి ఎడమ మణికట్టు నొప్పి. ఎడమకు తిరగాలంటే ఒక్క క్షణం ఆగేవారు. నీడ కూడా ఆగడం నేర్చుకుంది. దానితో సమంగా ఉండాలని కొత్తవాటికి ఎడమ మలుపు తగ్గించాం. తర్వాత వచ్చినవాటికీ తగ్గించాం. తేలికవి, మధ్యరకం, బరువువి, అన్నిటికీ. ఇప్పుడు ఆటలో మైదానాన్ని పైనుంచి చూడండి. ఎక్కడెక్కడి జనమో, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్లు, అందరూ ఒకే వైపు సుడి తిరుగుతుంటారు. ఎందుకని అడిగితే "ఏమో, అలా అలవాటైంది" అంటారు. వాళ్లు ఆడుతున్నది మా బాబాయ్ నొప్పిని.

నవ్వకండి. ఇందాక ఈ హాల్లోకి వస్తూ, ఎడమ గుమ్మం దగ్గర మా ఆఫీసువాళ్లు ఒక్కొక్కరే ఆగి, అప్పుడు తిరిగారు. నేను చూశాను. నేనూ ఆగాను.



ఆపరేషన్ అయ్యాక బాబాయ్ చెయ్యి బాగైంది. ఇదిగో, పూలదండ ఎడమ చేత్తోనే పట్టుకున్నారు. నీడ చెయ్యి బాగవలేదు. దాన్ని తయారుచేసిన రోజుల్లో, ఆయన ఎలా మారుతూ వస్తున్నారో అదీ అలాగే మారుతూ పోవాలని పెట్టారు. ఆయన నొప్పి పెరగడం ఆగింది. నీడది ఆగలేదు. తనంతట తానే నొప్పి పెంచుకుంటోంది. ఈ మధ్య మలుపు దగ్గర నిలబడిపోయి, వణికి, అప్పుడు కదులుతోంది. ఎదుట శత్రువు లేకపోయినా సరే. రేపో మాపో అది మైదానం నడుమ నిలిచిపోతుంది. దానితో సమంగా ఉండడానికి మిగతావాటినీ నిలబెట్టేస్తాం. నియమం కదా!

దాన్ని తనతోపాటే పంపించెయ్యమని బాబాయ్ డైరెక్టర్ గారిని అడిగారు. "మీరు రిటైరైనా మీ పని ఆగకూడదు కదండీ" అని నవ్వారట. సార్, అంత చాకిరీ చేసిన మనిషిని ఇంటికి పంపిస్తూ, ఆయన నొప్పిని ఉద్యోగంలో ఉంచుకుంటారా? మీకు సిగ్గనిపించలేదా?

మైకు లాక్కోకండి. అయిపోవచ్చింది.

ఈ సాయంత్రం పిన్ని ఆఫీసు చూస్తానంటే మా గదికి తీసుకెళ్లాను. తెర మీద నీడ నడుస్తోంది. అదేమిటో నేను చెప్పలేదు. ఆవిడ అలాగే చూస్తూ, "ఇదేమిటి నాయనా, మీ బాబాయ్ కదూ?" అంది. అది ఇనుప యంత్రం, దానికి మొహం కూడా లేదు. "వంటింట్లోకి తిరిగేముందు ఇలాగే ఆగేవారు" అంది. కాసేపటికి, "దానికి నొప్పి తెలుస్తుందా?" అని అడిగింది.

తెలియదని చెప్పాలి. నోరు రాలేదు.

అందుకని నీడను తీసేశాను. దాచిపెట్టిన నకళ్లతో సహా. రేపు పొద్దున మీరు వెతుక్కోనక్కర్లేదు సార్, నేనే చేశానని అందరి ముందూ చెబుతున్నాను. నా ఉద్యోగం మీ ఇష్టం.

బాబాయ్, నీకు మాత్రం ఒకటి చెప్పాలి. తీసేశాక తెర ఆరిపోవడానికి కాస్త సమయం పడుతుంది, నీకు తెలుసుగా. ఆ కాస్తలో అది నడుస్తూ నడుస్తూ గోడ దాకా వచ్చింది. ఎడమకు తిరిగింది. ఆగలేదు బాబాయ్. వయసులో ఉన్నవాడిలా తిరిగి, అటే వెళ్లిపోయింది. పిన్నీ నేనూ ఇద్దరం చూశాం. పిన్ని దానికి చెయ్యి ఊపింది.

నా కోపాన్ని ఇంతసేపు భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. బాబాయ్, పిన్నీ, మీరిద్దరూ కులాసాగా ఉండండి. నాకిక సెలవిప్పించండి.